ఆకాశం ఎటువైపు ఎక్కువ సాగుతుంది

మార్చి 9

అక్కా,

నువ్వూ బావా, మీ మూడు కుట్టుమిషన్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో నాతో మాట్లాడితే గోడకి కబుర్లు చెప్పినట్టుందని పోయినసారి విసుక్కున్నావు. నిజమే. ఫోన్ చెవికి పెట్టుకోగానే నాకు ఊ తప్ప ఇంకో మాట గుర్తురాదు. కాగితం అలా కాదు. నేను ఆలోచించుకునేదాకా ఊరుకుంటుంది. నా చదువు సంగతి నీకు తెలుసు గనక తప్పులు దిద్దుకుని చదువుకో.

ఇల్లు బాగుంది. రెండు గదులు, వెనక చిన్న వసారా. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆయన పనిచేసే మేడ కనిపిస్తుంది. అంత దగ్గరకి కూడా సైకిలు మీదే వెళతారు. నడవొచ్చు కదా అంటే, నడిస్తే ఆలోచన మొదలై దారి తప్పుతానంటారు.

ఆయన చేసే పనేమిటో ఇన్నాళ్ళకు అడిగాను. చాలా సంతోషించి, టీ చల్లారిపోయేదాకా చెప్పారు. ఆకాశం సాగుతోందట అక్కా. నక్షత్రాల గుంపులన్నీ ఒకదానికొకటి దూరమైపోతున్నాయట. అన్ని పక్కలకూ ఒకేలా సాగుతోందా, లేక ఒక పక్కకు కాస్త ఎక్కువా అన్నది వీళ్ళ ప్రశ్న. దానికి పేలిపోయిన నక్షత్రాలు పనికొస్తాయి. సూపర్‌నోవాలంటారు. వాటిలో ఒక రకానివి ఎక్కడ పేలినా దాదాపు ఒకే వెలుగు ఇస్తాయి. వీధి పొడుగునా ఒకే రకం బల్బులు పెట్టారనుకో, మసకగా కనిపించేది దూరంగా ఉన్నట్టే కదా. అలా దూరం తెలుస్తుంది. ఆ వెలుగు ఎంత ఎర్రబారిందో చూస్తే, అది మన దగ్గరికి వచ్చేలోపు ఆకాశం ఎంత సాగిందో తెలుస్తుంది. అన్ని దిక్కుల్లోనూ ఇలా కొలిచి పోలుస్తున్నారు.

పోయిన వారం వాళ్ళ పెద్దమేడం మా ఇంటికి వచ్చారు. నేను కప్పులు బల్ల మీద పెట్టి వంటింట్లోకి జారుకున్నాను. ఆవిడ ఆయన్ని అడగడం వినిపించింది.

“మీ ఆవిడ మాట్లాడదా?”

“మాట్లాడుతుందండీ. నాతో.”

“వేరేవాళ్ళతో?”

“ఇంతవరకూ నేను చూడలేదు.”

“అయితే మనం వెతుకుతున్న మనిషి ఈవిడే.”

సంగతేమిటంటే, ఏదో ఒక పక్కకు ఎక్కువ సాగుతోందని తేలితే అది చాలా పెద్ద కబురు. అందుకని వీళ్ళ మనసు అటే లాగుతుంది. మనసు లాగినవైపే లెక్క మొగ్గుతుందేమోనని భయం. దానికి వీళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. బయటి మనిషి ఒకరు కొలతల్లో ఒక దొంగ సాగుడు కలపొచ్చు, కలపకపోవచ్చు. కలిపితే ఏ దిక్కుకి, ఎంత అన్నది ఆ మనిషి ఇష్టం. మిగతావాళ్ళకి ఏమీ తెలియకూడదు. లెక్కలన్నీ కట్టి, ఇక మార్చేది లేదని అందరూ ఒప్పుకున్నాక ఆ మనిషి లేచి చెప్పాలి. కలిపింది తీసేస్తే మిగిలిందే అసలు జవాబు. ముందే పొక్కిందో, ఆ లెక్కని ఎవరూ నమ్మరు. ఆయన రెండేళ్ళ కష్టం గాలికి పోతుంది.

ఆ మనిషి నేనే. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఎలా చేయాలో చూపించి, మేడంతో సహా అందరూ బయటికి పోయారు. చేయాల్సింది చేశాను. కలిపానో లేదో నీకు కూడా చెప్పను. అప్పటిదాకా నోరు మూసుకోవడం నాకు కష్టం కాదు. కష్టమంతా ఆ రోజు అంతమంది ముందు లేచి నోరు తెరవడమే.

నీ చెల్లెలు


మార్చి 21

ఒసే గువ్వా,

మూడు మిషన్లలో ఒకటి కులాసాగా లేదు, బెల్టు తెగింది. మిగతా అందరం బాగున్నాం.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆకాశం సమానంగా సాగుతుందా అని తేల్చడానికి రెండేళ్ళెందుకే? ఏ గుడ్డయినా నిలువుకి ఒకలా, అడ్డానికి ఒకలా, ఐమూలగా లాగితే ఇంకోలా సాగుతుంది. అన్ని పక్కలా ఒకేలా సాగే గుడ్డని నేను ఇంతవరకూ కత్తిరించలేదు. మీ బావేమో ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆకాశానికి నేత ఎక్కడిదే అంటాడు. కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ ఆయన పక్షం చేరింది. ఆవిడ బట్టలు వచ్చే నెల ఇస్తాను.

ఇక అసలు మాట. నాకు ఈ వ్యవహారం నచ్చలేదు. లెక్కలో దొంగ లెక్క కలపడం ఎక్కడైనా ఉందా? నా టేపు మీద ఎవరైనా అంగుళాలు అటూ ఇటూ మారిస్తే చేతులు విరగ్గొడతాను. ఆ మేడం ఎవరో గడుసుది. రేపు ఏదైనా తేడా వస్తే, “మేమేం చేస్తాం, ఆ చదువురాని అమ్మాయి వేలు పెట్టింది” అంటుంది. మాట్లాడని మనిషి కావాలనడంలోనే ఉంది కిటుకు. నింద మీద పడితే నువ్వు కాదని కూడా అనలేవు. మరిది మంచివాడే. మంచివాళ్ళనే ఇలాంటి వాటిలోకి లాగుతారు.

నువ్వు ఏం చేశావో నాకు వివరంగా రాయి. నేనెవరికీ చెప్పను. అలా అంటే మీ బావ నవ్వుతున్నాడు. ఇంట్లో కరెంటు పోయినా నా నోరు ఆగదట.

అక్క


ఏప్రిల్ 4

అక్కా,

నువ్వు అనుకున్నట్టు ఇందులో మోసం లేదు. నువ్వే ఒకసారి చొక్కాల కుప్పలో ఒక చొక్కా గుండీని పక్క కాజాకి ఎదురుగా కుట్టి, చూసేవాళ్ళు పట్టుకుంటారా లేదా అని పరీక్ష పెట్టలేదా? ఇదీ అలాంటిదే. పరీక్ష పెట్టమని వాళ్ళే అడుగుతున్నారు, అంతే తేడా.

ఏం చేశానో మాత్రం రాయను. కోపం తెచ్చుకోకు. నువ్వు చెప్పవని కాదు, నీకు సంతోషం వస్తే ఆగదు.

ఆయన ఇంటికొచ్చాక కూడా లెక్కల్లోనే ఉంటారు. నిన్న బట్టలు ఆరేయమంటే దండెం మీద చిన్నవాటి నుంచి పెద్దవాటిదాకా వరస పెట్టారు. చాలా అందంగా ఉంది. నా రుమాలుకీ ఆయన రుమాలుకీ ఏది ముందో తేలక, రెండూ చేతిలో పట్టుకుని నన్ను పిలిచారు. కొలిచి చూస్తే నాదే చిన్నది.

మిషన్ బెల్టు వేయించావా?

నీ చెల్లెలు


జూన్ 12

అక్కా,

ఇక్కడ పెద్ద కబురు. ఆయన వాళ్ళకి ఒక దిక్కు దొరికింది. ఆకాశం ఒక పక్కకు రవ్వంత ఎక్కువ సాగుతున్నట్టు లెక్క వచ్చిందట. మళ్ళీ మళ్ళీ కట్టినా అదే వస్తోందట. ఆ సాయంత్రం ఆయన సైకిలు మీద వస్తూ బెల్లు కొడుతూనే ఉన్నారు. దారిలో ఎవరూ లేరు.

ఇదంతా నేను కలిపిందేమోనని వాళ్ళకీ అనుమానం ఉండాలి కదా. మొదట ఉండేదట. ఇప్పుడు ఆయనకి పోయింది. ఎందుకంటే ఆ దిక్కున మన సొంత నక్షత్రాల గుంపులోని ధూళి ఒక పట్టీలా అడ్డంగా ఉంటుందట. దాని వెనక ఏం పేలినా మనకి సరిగ్గా కనిపించదు. ఆకాశం బొమ్మలో ఆ పట్టీ దాదాపు ఖాళీ. “కలిపేవాళ్ళు ఎవరైనా చుక్కలు బాగా ఉన్నచోటు చూసి పెడతారు, ఖాళీలో ఎవరు పెడతారు” అంటారు ఆయన. వాళ్ళ ఆఫీసు గదిలో చాలామంది అదే మాట అంటున్నారట. మేడం మాత్రం ధూళివల్ల కొలత చెడిందేమో చూడండి అని అందరినీ మళ్ళీ పనిలో పెట్టారు.

నేను ఏమీ అనలేను. ఎందుకు అనలేనో కూడా రాయలేను. ఆయన సంతోషంగా ఉన్నారు, నాకు ముద్ద దిగడం లేదు. నా మొహంలో ఏదైనా కనిపిస్తుందేమోనని ఆయనే భయపడి, భోజనం దగ్గర కుర్చీ తిప్పుకుని గోడవైపు తిరిగి తింటున్నారు. నేను వెనక నుంచి వడ్డిస్తున్నాను. కూర కావాలంటే చెయ్యి ఎత్తుతారు. రెండు వారాలుగా ఇదే వరస. నేను చిక్కిపోయానని, నీ మీద బెంగ పెట్టుకున్నానని అనుకుంటున్నారు. కొన్నాళ్ళు అక్క దగ్గర ఉండి రా అని గోడకి చెప్పారు.

నీ చెల్లెలు


జూన్ 24

చెల్లెమ్మ గారికి,

మొగుడు గోడవైపు తిరిగి తింటున్నాడని రాస్తే ఏ అక్కయినా ఏమనుకుంటుంది? ధూళీ పట్టీ అంటూ నువ్వు ఏదో కప్పిపుచ్చుతున్నావనుకున్నాను. కత్తెర అలాగే వదిలేసి ఫోన్ చేశాను. మరిది ఎత్తాడు. “ఏమయ్యా, నా చెల్లెలి చేత ఏం దొంగపని చేయించావు, ఇప్పుడు దాని మొహం కూడా చూడవట” అన్నాను. అవతల ఏదో చప్పుడైంది. “అక్కా, ఇంక ఒక్క మాట మాట్లాడకు” అని నీ గొంతు వినిపించింది. ఫోన్ కట్టయింది.

నువ్వు. నా ఫోన్. కట్ చేశావు.

నీకు జడలు వేసిందాన్ని. నువ్వు అడగలేకపోతే నీ తరఫున బడిలో బలపం అడిగిందాన్ని. నీ మేలు కోరి ఫోన్ చేస్తే నా నోరు మూయించడానికి నీకు గొంతు వచ్చింది. మంచిదే. నీ గోడ నీకు, నీ మొగుడు నీకు. ఇక నేను రాయను.

అక్క


జులై 6

అక్కా,

రాయనన్నావు గనక చదవవేమో. అయినా రాస్తున్నాను.

నువ్వు “దొంగపని” అనడం ఫోన్ బయటికి కూడా వినిపించింది. ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదన్న మాట కూడా అనేస్తే, నేను కలిపానో లేదో ఆయనకి అర్థమైపోయేది. చేతిలో ఉన్న గిన్నె వదిలేసి ఫోన్ లాక్కున్నాను. నువ్వు విన్న చప్పుడు ఆ గిన్నెదే.  ఆయన గిన్నె తీసి, సొట్ట పడ్డ చోట వేలుపెట్టి చూసి, మీ అక్కాచెల్లెళ్ళకి ఏదైనా గొడవ ఉంటే నేను మధ్యలో రానులే అన్నారు. అంటే ఆయనకి ఇప్పుడు మనిద్దరం పోట్లాడుకున్నామని బెంగ. నీకేమో మేమిద్దరం పోట్లాడుకున్నామని. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు అక్కా. నీ మీద అరిచింది నేనొక్కదాన్నే, అది కూడా నిన్ను కాదు, నువ్వు అనబోయే మాటని.

ఆ గదిలో ధూళి లెక్కలన్నీ మళ్ళీ చేశారు. ఆ దిక్కు ఎక్కడికీ పోలేదు. ఆయన కళ్ళకింద నల్లబడింది కానీ ఈల వేస్తున్నారు. వచ్చే నెల రెండో మంగళవారం నేను లేచి చెప్పాలి. వంటింట్లో ఎవరూ లేనప్పుడు చెప్పి చూసుకున్నాను. కుక్కర్ ఈలకి నా గొంతు నాకే వినపడలేదు.

ఆయన మొహం ఎలా అవుతుందో ఆ ఊహే భరించలేకుండా ఉన్నాను.

నీ చెల్లెలు


ఆగస్టు 15

అక్కా,

అయిపోయింది.

పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు, సగం తుడిచిన బోర్డు. బల్ల మధ్యన ఆకాశం బొమ్మ అంటించిన పెద్ద బంతి. నేను తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాను. మేడం ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, ఇక మార్చేది ఏమైనా ఉందా అని అడిగారు. అందరూ లేదన్నారు. ఆఖర్న ఆయన. ఆయన కూడా లేదన్నారు. మేడం నావైపు చూశారు.

లేచాను.  బల్ల దగ్గరికి నడిచి, బంతిని తిప్పి, ఆ ఖాళీ పట్టీలో వేలు పెట్టాను.

ఎవరో “అక్కడా” అన్నారు. ఆయన వైపు నేను చూడలేదు.

“చూపిస్తే చాలదమ్మా. చెప్పాలి” అన్నారు మేడం.

“కలిపానండీ. ఇక్కడే.”

“ఇక్కడే ఎందుకు?”

“మిగతా చోట్లన్నీ చుక్కలతో నిండి ఉన్నాయండీ. ఇక్కడ ఎవరూ లేరు. ఎవరికీ అడ్డం రాకుండా ఉంటుందని.”

 మేడం నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. నాకు తెలియనిది ఏమిటంటే, ఒక దిక్కుకి సాగుడు పెడితే అది ఆ చోటనే ఉండిపోదు. ఆకాశమంతా పాకుతుంది, అటు పక్క ఎక్కువ, ఎదురు పక్క తక్కువ అయ్యేలా. మూలన పెట్టానని నేను అనుకున్నాను, అందరి కాళ్ళకీ అడ్డం పడింది. ఇన్ని వారాలు ఆ ధూళి అంతా దులిపింది నా మొహమాటం వల్లే.

తర్వాత, నేను కలిపింది ఎంతో కంప్యూటర్‌కి తెలుసు గనక, దాన్నే తీసేసి మళ్ళీ లెక్క కట్టమన్నారు. కంప్యూటర్ కాసేపు ఆలోచించింది. వాళ్ళకి దొరికిన దిక్కు కరిగిపోయింది. ఎటు చూసినా ఒకేలా ఉంది. వాళ్ళ కొలతకి అందినంతవరకూ ఆకాశం ఏ పక్కనీ ఎక్కువగా చూడటం లేదు.

అప్పుడు ఆయన్ని చూశాను. చేతులు కట్టుకుని తెర వైపే చూస్తున్నారు. ఎవరో భుజం తట్టినా కదల్లేదు.

సైకిలు నడిపించుకుంటూ ఇద్దరం ఇంటికి బయల్దేరాం.  నేనే అడిగాను.

“బాధగా ఉందా?”

“ఉంది. పెద్ద కబురు నాదే అనుకున్నాను.”

“నాకు ముందే తెలుసు. చూస్తూ ఊరుకున్నాను.”

“ఊరుకోబట్టే కదా లెక్క బతికింది. నేనైతే రెండో రోజే చెప్పేసేవాణ్ణి.” ఇంకో నాలుగు అడుగులు వేసి అడిగారు. “ఇంతకీ ఎంత కలిపావు?”

“కంప్యూటర్లో మీరు చూపించిన స్కేలు మీద అన్నిటికన్నా చిన్న గీత. ఎక్కువ నెట్టడానికి మొహమాటం వేసింది.”

ఆయన ఆగిపోయారు. “అన్నిటికన్నా చిన్న గీతా? అది మేం పట్టుకోలేమనుకున్నాం. ఊరికే పెట్టాం ఆ గీత.” సైకిలు నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి ఆఫీసు వైపు పరుగెత్తారు. సైకిలు ఉందన్న సంగతి కూడా మరిచిపోయారు.

దాన్ని నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. రాత్రి భోజనానికి కుర్చీ మామూలుగా వేసుకున్నారు. వడ్డిస్తుంటే నా మొహం చూసి, నువ్వు నిజంగానే చిక్కిపోయావే అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. కడుపునిండా తిన్నాను.

నువ్వు ఇప్పటికైనా నాలుగు ముక్కలు రాయి.

నీ చెల్లెలు


ఆగస్టు 27

ఒసే గువ్వా,

రాయనన్నాను గానీ చదవనన్నానా? జులైలో నువ్వు రాసింది అందిన రోజే కోపం పోయింది. వెంటనే రాస్తే లోకువైపోతానని ఆగాను. ఆగడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. అన్ని నెలలు నువ్వెలా ఆగావే?

మా చెల్లెలు ఆకాశాన్ని నెట్టిందని షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. అలా కాదు, నెట్టినట్టు లెక్క రాసింది అని మీ బావ ప్రతిసారీ సర్దుతున్నాడు. నా మాటే బాగుంది. ఆయన పక్షం చేరిన ఆవిడ బట్టలు ఇచ్చేశాను. తానే గెలిచానని ఆవిడకి తెలిసిపోయింది, మీ బావ చెప్పాడు. నేత లేని గుడ్డ ఒకటి ఉందని ఒప్పుకుంటున్నాను. దాన్ని కత్తిరించమంటే మాత్రం నా వల్ల కాదు.

మరిదికి నా తరఫున క్షమాపణ చెప్పు. వద్దులే, నేనే చెబుతాను. ఒకటి అడుగుతాను, దాచకుండా రాయి. ఆయన దిగులు పూర్తిగా పోయిందా, నీ ముందు నవ్వుతున్నాడా?

అక్క


సెప్టెంబరు 19

అక్కా,

పోయింది. ఎలా తెలిసిందో రాస్తాను.

ఆ రోజు పరుగెత్తి వెళ్ళి ఆయన చూసింది ఇదట. అంత చిన్న తేడానే పట్టుకోగలిగారంటే, వీళ్ళ వల సన్నదని రుజువైనట్టే. అంతకన్నా పెద్ద తేడా ఆకాశంలో ఉంటే తప్పించుకునేది కాదు. ఏమీ దొరకలేదు అని చెప్పడం వేరు, ఇంత సన్నటి వల వేసినా ఏమీ దొరకలేదు అని చెప్పడం వేరు అంటారు. నెల రోజులుగా ఆ మాటనే తిప్పి తిప్పి రాస్తున్నారు. భోజనం దగ్గర నాకు చదివి వినిపిస్తారు. అర్థం కానిచోట ఆపమన్నారు. మొదట మొహమాటపడ్డాను. ఇప్పుడు పేరాకి రెండుసార్లు ఆపుతున్నాను.

నిన్న పెద్ద హాల్లో ఆయన దీని గురించి మాట్లాడారు. పైనుంచి కిందికి మెట్లలా కుర్చీలు, నిండా జనం. వేరే చోట్ల నుంచి కూడా వచ్చారు. మేడం నన్ను రమ్మన్నారు గనక వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఆయన బొమ్మలు చూపిస్తూ అన్నీ చెప్పి, ఆఖర్న అన్నారు:

“ఆకాశం ఏదో ఒక పక్కకు ఎక్కువ సాగుతూ ఉండొచ్చు. కాదనలేం. కానీ ఉంటే గింటే, అది మా ఆవిడ నెట్టినదానికన్నా తక్కువ.”

హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు అక్కా, ఈల వేసే రోజుల్లో కన్నా బాగా. ముందు వరసలో ఒక పెద్దాయన చెయ్యెత్తి, నెట్టినావిడ ఎవరికీ చెప్పకుండా ఉన్నారని మీకు నమ్మకం ఏమిటి అని అడిగారు. మంచి ప్రశ్నే. ఆయన గొంతు సవరించుకుంటున్నారు.

నన్ను ఎవరూ లేవమనలేదు. లేచాను.

“సొంత అక్కకి కూడా చెప్పలేదండీ” అన్నాను. “ఆవిడ ఫోన్ కట్ చేశాను.”

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. పెద్దాయన పూర్తిగా వెనక్కి తిరిగి, అయితే నమ్ముతాను అన్నారు. ఇంకెవరైనా ఏదైనా అడుగుతారేమోనని ఆ పక్కా ఈ పక్కా చూశాను. ఎవరూ అడగలేదు. అప్పుడు కూర్చున్నాను.

నీ చెల్లెలు